డిగ్రీ చదివిన పిల్లాడు అంగట్లో కూర్చోవాలా?

ప్రశ్న: మాది చంద్రగిరి. ఇరవై రెండేళ్ళుగా హార్డ్‌వేర్ అంగడి నడుపుతున్నాను. మా అబ్బాయి తిరుపతిలో బీబీఏ పూర్తి చేశాడు. ఉద్యోగం వద్దు, సొంతంగా వ్యాపారం చేస్తానంటున్నాడు. బెంగళూరులో ఒక ప్రైవేటు కాలేజీలో ఎంట్రప్రెన్యూర్‌షిప్ ఎంబీఏ ఉంది, రెండేళ్ళకు హాస్టల్‌తో కలిపి 14 లక్షలు అవుతుందన్నారు. వాడేమో అదే డబ్బుతో తిరుపతి ఎయిర్ బైపాస్ రోడ్డులో టీ ఫ్రాంచైజీ తీసుకుందామంటున్నాడు. రెండింటిలో ఏది మేలు? నష్టపోతే నలుగురిలో తలెత్తుకోలేం. మా అంగట్లో కూర్చోబెట్టడం మాత్రం ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. డిగ్రీ చదివిన పిల్లాడు కదా.

జవాబు: మీరు రెండు దారులు చూపించి ఏది మేలని అడిగారు. మూడో దారి మీ ఉత్తరం చివర్లో ఉంది. దాన్ని మీరే చెప్పి మీరే మూసేశారు.

డిగ్రీ ఫలితాలు రాగానే తిరుపతి, చిత్తూరు, పుత్తూరు వైపు తల్లిదండ్రుల నుంచి ఏటా ఇలాంటి ప్రశ్న వస్తుంది. కాలేజీ పేరు, ఫ్రాంచైజీ పేరు మారతాయి, అడుగున ఉన్న భయం మారదు. పిల్లాడు దెబ్బతింటే ఊళ్ళో ఏం చెప్పుకోవాలి, రేపు సంబంధాలు ఎట్లా వస్తాయి? ఆ భయం సహజమే, మిమ్మల్ని తప్పు పట్టను. కానీ ఆ భయంలో ఉన్నవాళ్ళు ఎక్కువ ఖర్చయ్యే దారి ఎక్కువ భద్రమైనదని నమ్మేస్తారు. మీరూ ఇప్పుడు అదే చేయబోతున్నారు.

ఎంబీఏ గురించి తొందరగా చెప్పేస్తాను. మన ఎంబీఏ ప్రవేశ పరీక్ష ఐసెట్, ఫీజుల సంగతులు మీకు తెలిసినవే. ఉద్యోగం కావాలనుకునే పిల్లలకు మంచి కాలేజీలో ఎంబీఏ పనికొస్తుంది, అక్కడికి కంపెనీలు వస్తాయి కాబట్టి. మీవాడు ఉద్యోగమే వద్దంటున్నప్పుడు ఆ 14 లక్షలు దేనికి కడుతున్నట్టు? ఎంట్రప్రెన్యూర్‌షిప్ అని పేరు పెట్టుకున్న కోర్సులన్నింటినీ కొట్టిపారేయను కానీ, నాకు అనుమానాలు చాలా ఉన్నాయి. ఇన్వెస్టర్ల ముందు స్లయిడ్లు పెట్టి మాట్లాడటం మీద అక్కడ ఎక్కువ సమయం పోతుంది. చంద్రగిరిలోనో పాకాలలోనో అంగడి తెరిచినవాడికి ఎదురుపడేది మూడు నెలల బాకీ పెట్టి, పండగ పోయాక ఇస్తానంటున్న కస్టమరు. ఫీజు కట్టేముందు ఆ కాలేజీవాళ్ళను ఒక్క మాట అడగండి. మూడేళ్ళ కిందట చదివి వెళ్ళినవాళ్ళలో సొంత వ్యాపారం పెట్టినవాళ్ళెంతమంది, వాళ్ళలో ఇద్దరితో ఫోన్లో మాట్లాడించగలరా? నీళ్ళు నమిలితే మీకు జవాబు దొరికినట్టే.

ఫ్రాంచైజీ సంగతి ఇంకొంచెం నిదానంగా చూద్దాం, ఎందుకంటే ఇప్పుడు ఇదే ఫ్యాషను. ఫోన్ తెరిస్తే చాలు, నెలకు లక్ష లాభం, అన్నీ మేమే చూసుకుంటాం అనే వీడియోలు. మీవాడు అవి చూసే ఉంటాడు. లాభం లెక్క వాళ్ళు చెప్తారు, రోజుకు ఎన్ని కప్పులు పోవాలో చెప్పరు. ఒకసారి లెక్క వేద్దాం. అద్దె 30 వేలు, ఇద్దరు పనివాళ్ళకు 30 వేలు, కరెంటు, గ్యాసు, కంపెనీకి కట్టే రాయల్టీ, చిల్లర ఖర్చులు కలిపి 20 వేలు అనుకోండి. నెలకు 80 వేలు. కప్పు 20 రూపాయలకు అమ్మి పాలు, పొడి, చక్కెర, పేపర్ కప్పు పోను 10 రూపాయలు మిగిలాయనుకున్నా, 8,000 కప్పులు పోతే గానీ ఖర్చులు పూడవు. రోజుకు 267 కప్పులు. ఇందులో మీవాడి కష్టానికి రూపాయి లేదు. అతనికి 20 వేలు జీతం, మీ 14 లక్షలకు నూటికి రూపాయి చొప్పున నెలకు 14 వేలు వడ్డీ కలపండి. రోజుకు 380 కప్పులకు వెళ్ళింది. నెలలో ముప్పై రోజులూ తెరిస్తేనే ఈ లెక్క.

అంకెలు నావి, మీ వీధిలో అద్దె వేరే ఉండొచ్చు. అందుకే మీవాణ్ణి ఆ కంపెనీ బోర్డున్న ఏదో ఒక అంగడి ఎదుట ఒక మామూలు బుధవారం, ఒక శనివారం పొద్దుటి నుంచి రాత్రి దాకా నిలబడి కప్పులు లెక్కపెట్టమనండి. కాగితం మీద గంటగంటకూ గీతలు పెట్టుకుంటే చాలు. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా ఆ కాగితం ఎంత ఖాళీగా ఉందో అతనే చూస్తాడు.

ఇంకొక మాట. మన దేశంలో ఫ్రాంచైజీల కోసమంటూ ప్రత్యేకమైన చట్టం లేదు. ఒప్పందంలో రాసుకున్నదే మీకు రక్ష. టీ పొడి వాళ్ళ దగ్గరే కొనాలా, ధర పెంచితే మీరు కాదనగలరా, అదే రోడ్డులో ఇంకొకరికి బోర్డు ఇవ్వబోమని రాశారా, మానేస్తే డిపాజిట్ ఎంత వెనక్కి వస్తుంది? నాకు తెలిసిన ఒక కుర్రాడు పది నెలలకే మూసేశాడు. వాళ్ళు చెప్పిన డిజైన్లో చేయించిన కౌంటరు, లైట్లు, గోడ బొమ్మలు వేరే ఎవరికీ పనికిరాక పాత సామాను ధరకు పోయాయి. పెట్టుబడిలో ఎక్కువ భాగం అందులోనే ఉంది. అతను తెలివితక్కువవాడేమీ కాదు. అంతకుముందు ఏ అంగట్లోనూ పని చేసి ఉండలేదు, అంతే.

మన చుట్టుపక్కల చిన్న వ్యాపారాలు పెట్టి నిలబడినవాళ్ళు మొదట్లో ఏం నేర్చుకున్నారో వినండి. తిరుచానూరు దగ్గర ఒకావిడ ఇంట్లో నిప్పట్లు, మురుకులు చేసి అంగళ్ళకు వేస్తారు. మొదట్లో సరుకు బాగా పోయేది, చేతిలో మాత్రం డబ్బు నిలిచేది కాదు. ఒకరోజు తన నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. బియ్యప్పిండి, నూనె డబ్బా, వాము, ప్లాస్టిక్ కవర్లు, ఆటో బాడుగ, అన్నీ పైసలతో సహా రాసుకున్నారు. పొద్దున నాలుగింటికి లేచి పొయ్యి దగ్గర కూర్చునే ఆమె కష్టం మాత్రం ఆ పుస్తకంలో ఎక్కడా లేదు. కోడలు ప్యాకింగ్ చేసేది, అదీ లేదు. ఇంటి మనుషుల కూలీని లెక్కలోకి తీసుకోకుండా ధర కట్టారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలై పొద్దుతిరుగుడు నూనె ధర ఎగబాకినప్పుడు అసలు విషయం బయటపడింది. ప్యాకెట్ ధర పెంచే ధైర్యం లేదు, పాత ధరకే వేస్తే నూనె డబ్బులు కూడా రావు. అప్పుడు ఆమె కూలీ కలిపి కొత్త ధర కట్టారు. పోయిన వారం బాకీ తీరితేనే ఈ వారం సరుకు అన్నారు. చాలా అంగళ్ళు మానుకున్నాయి. ఒప్పుకున్న కొద్ది అంగళ్ళతోనే ఆమె ఈ రోజు ఇద్దరికి పని ఇస్తున్నారు. ఈ పాఠం ఏ కాలేజీలో అయినా ఒక గంటలో చెప్పేయొచ్చు. బాకీ ఉన్న అంగడివాడి ముఖం చూస్తూ సరుకు దించనని చెప్పడం మాత్రం చేసి నేర్చుకోవాల్సిందే.

తిరుపతిలో వ్యాపారమంటే యాత్రికులేనని నమ్మినవాళ్ళకు 2020 ఇంకో పాఠం చెప్పింది. ఆ మార్చి 20న తిరుమలలో భక్తులకు దర్శనాలు ఆగిపోయాయి. జూన్‌లో మళ్ళీ మొదలైనా రోజుకు కొద్ది వేలమందికే. బస్టాండు చుట్టూ, అలిపిరి దారిలో ఉన్న టిఫిన్ సెంటర్లు, ఫ్యాన్సీ అంగళ్ళు, ట్యాక్సీలు ఎంత అల్లాడాయో మీకు గుర్తుండే ఉంటుంది. ఒకాయన తన హోటల్ మూసి, రుయా ఆస్పత్రిలో రోగుల దగ్గర ఉండేవాళ్ళకు, బైరాగిపట్టెడలో ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళకు క్యారియర్లు పంపడం మొదలుపెట్టారు. యాత్రికులు తిరిగి వచ్చాక కూడా ఆ క్యారియర్లు ఆపలేదు. ఏడాదిలో ఏ నెల ఎలా ఉన్నా రోజూ వచ్చే మనుషులు కొంతమందైనా ఉండాలని ఆయన చెప్తారు. మీ హార్డ్‌వేర్ అంగడికి వచ్చేవాళ్ళందరూ అలాంటివాళ్ళే. ఎయిర్ బైపాస్ రోడ్డులో టీ తాగేవాళ్ళు ఎవరో మీవాడికి ఇంకా తెలియదు.

రేణిగుంట వైపు చిన్న ఫ్యాబ్రికేషన్ షెడ్డు పెట్టిన ఇంకొకతను పెద్ద ఆర్డరు వచ్చిందని సంబరపడి, నాలుగు నెలలు డబ్బు రాక, నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు తెచ్చి కూలీలు ఇచ్చాడు. ప్రభుత్వం దగ్గర చేయించుకునే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులకు కొన్నవాళ్ళు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని 2006 నాటి చట్టం చెప్తుంది. ఆ గడువు దాటి, ఏడాది ముగిసేలోపు కూడా కట్టకపోతే కొన్నవాళ్ళకు ఆ ఏడు ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపించుకునే వీలు లేకుండా నిబంధన కూడా వచ్చింది. రిజిస్ట్రేషన్‌కు ఒక్క రూపాయి ఖర్చు లేదు. అతను ఆర్డరు తీసుకున్న తర్వాత గానీ దాని గురించి వినలేదు. మీలా కొని అమ్మేవాళ్ళకు ఈ 45 రోజుల రక్షణ వర్తించదు కాబట్టి, అప్పు ఎవరికి ఇవ్వాలో తెలిసుండటమే మీకు రక్షణ. ఇరవై రెండేళ్ళుగా మీరు చేస్తున్నది అదే.

మన వైపు ఎవరిని అడిగినా గల్లా రామచంద్ర నాయుడు గారి పేరు చెప్తారు. అమెరికా నుంచి వచ్చి కరకంబాడిలో అమరరాజా పెట్టారంటారు. ఆయన అమెరికాలో ఏళ్ళ తరబడి ఇంజినీరుగా పనిచేసి వచ్చారన్న మాట చాలామంది వదిలేస్తారు. 1985లో కంపెనీ మొదలైతే, ఈ రోజు ప్రతి మెకానిక్ షెడ్డులో కనబడే అమరాన్ బ్యాటరీ 2000లో గానీ రాలేదు. ఆ మధ్యలో గడిచిన పదిహేనేళ్ళ సంగతి పిల్లలకు ఎవరూ చెప్పరు.

ఇప్పుడు మీతో కొంచెం గట్టిగా మాట్లాడాలి. ఆ అంగడే మీ అబ్బాయిని బీబీఏ చదివించింది. ఇప్పుడు దాన్నే డిగ్రీ చదివినవాడు కూర్చోకూడని చోటంటున్నారు. నాన్న చేసే పని తక్కువది, ఎవరిదో బోర్డు కింద 14 లక్షలు పోసి టీ అమ్మితే అది వ్యాపారం అని వాడికి చెప్తున్నట్టు కాదా? దూరపు కొండలు నునుపు అన్నది పిల్లల విషయంలో సరే, అంగడి నడిపిన పెద్దమనిషికి కూడా అట్లాగే కనబడితే ఎట్లా? మీ ఖాతా పుస్తకం వాడికి ఎప్పుడైనా చూపించారా? ఏ ప్లంబరుకు ఎంత దాకా బాకీ ఇస్తారు, ఏ మేస్త్రీకి ఎందుకు ఇవ్వరు, లాటు కొంటే ఎంత మిగులుతుంది, అటక మీద ఏ సైజు ఫిట్టింగులు నాలుగేళ్ళుగా కదలకుండా పడున్నాయి, ఇవేవీ వాడికి తెలియవని నాకు అనిపిస్తోంది. వాడు లోపలికి రాగానే పుస్తకం మూసి, నువ్వు పోయి చదువుకో నాయనా అనుంటారు. ప్రేమతోనే అనుంటారు. ఆ ప్రేమ వల్లే వాడు బయటివాళ్ళ వీడియోలు చూసి వ్యాపారం నేర్చుకోవాల్సి వచ్చింది.

నేనైతే ఇట్లా చేయమంటాను. 14 లక్షలు బ్యాంకులోనే ఉండనివ్వండి. మీవాణ్ణి ఒక ఏడాది మీ అంగట్లో జీతానికి పెట్టుకోండి. జీతం నిజంగా ఇవ్వండి, ఖర్చులకు అడిగినప్పుడల్లా ఇచ్చేది జీతం కాదు. మొదటి నెల కౌంటరు మీద కూర్చోబెట్టకుండా, మూడు నెలలు దాటిన బాకీలన్నీ ఒక పట్టీ వేయించి, వసూలుకు పంపండి. రెండో నెల కదలని సరుకు పట్టీ వేసి, దాన్ని ఎట్లా వదిలించుకోవాలో వాణ్ణే చెప్పమనండి. వాడు చెప్పింది మీకు నచ్చకపోయినా, పెద్ద నష్టం లేదంటే చేయనివ్వండి. మీరు రోజూ అడ్డం పడితే ఈ ఏడాది వృథా. తిరుపతి, చంద్రగిరి మధ్య కడుతున్న ఇళ్ళకు నేరుగా సరుకు వేయడం లాంటి ఆలోచన ఏదైనా తీసుకొస్తే, దానికి 50 వేలో లక్షో విడిగా ఇచ్చి, లెక్క విడిగా రాయించండి. 50 వేల దాకా అయితే ప్రభుత్వ ముద్రా పథకం కింద బ్యాంకులిచ్చే శిశు రుణం కూడా ఉంది. సొంత పేరు మీద తెచ్చిన అప్పుకు ప్రతి నెలా కంతు కట్టడం కూడా మంచి చదువే. ఏదైనా తయారు చేసే ఆలోచన ఉంటే బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో ఉచితంగా నేర్పుతారు, భోజనం, వసతి కూడా వాళ్ళదే. పీఎంఈజీపీ లాంటి సబ్సిడీ పథకాల గురించి ఎవరైనా ఆశ పెడితే, ఆ సబ్సిడీ చేతికి రాదని, మూడేళ్ళు బ్యాంకులో డిపాజిట్‌గా ఉంటుందని గుర్తుంచుకోండి. సబ్సిడీ కోసం పెట్టిన వ్యాపారం ఏదీ నేను నిలబడగా చూడలేదు.

ఏడాది తర్వాత కూడా ఎంబీఏ చేస్తానంటే చేయనివ్వండి, ఐసెట్ ప్రతి ఏడాదీ ఉంటుంది. అప్పుడు క్లాసులో అకౌంట్స్ చెప్తుంటే వాడికి మీ అంగడి బాకీలు గుర్తొస్తాయి, చదువు ఇంకా బాగా వంటబడుతుంది. టీ అంగడే పెడతానంటే సరే, అప్పటికి కప్పుల లెక్క వాడే వేసుకోగలడు. ఏడాది మీ అంగట్లో కూర్చున్నాడని ఏ సంబంధమూ తప్పిపోదు. పిల్లనిచ్చేవాళ్ళు అడిగేది అబ్బాయి ఏం సంపాదిస్తున్నాడు, అప్పులున్నాయా, అలవాట్లేంటి అని. ఈ మూడింటికీ మీ దగ్గర మంచి జవాబులే ఉంటాయి. మీవాడు కష్టపడే పిల్లాడే అయితే ఇరవై మూడేళ్ళ వయసులో ఒక ఏడాది ఆలస్యమంటూ ఏమీ లేదు, దయచేసి ఆ కంగారు ఇంట్లో వాడి ముందు చూపించకండి.

మీ ఉత్తరంలో మీ భయం ఉంది, ఇంట్లోవాళ్ళ ఇష్టం ఉంది, వాడు మీ అంగడి గురించి ఏమనుకుంటున్నాడో మాత్రం లేదు. నేరుగా అడగండి. ఫ్రాంచైజీ వాళ్ళకు అడ్వాన్స్ కట్టేశారా లేదా అన్నది కూడా మీరు రాయలేదు. కట్టకపోతే ప్రస్తుతానికి ఆగండి. కట్టి ఉంటే ఒప్పందం కాగితాలు, రసీదు తీసుకెళ్ళి ఒక వకీలుకు చూపించి, మానుకుంటే ఎంత వెనక్కి వస్తుందో తెలుసుకోండి. అది తేలేదాకా రెండో విడత డబ్బు కట్టకండి, అద్దె అగ్రిమెంటు మీద సంతకం పెట్టకండి.