రాజీనామాతో ముగించకు

తిరుపతి

ప్రియమైన అమ్మాయికి,

నీ కథ అందింది. చిత్తూరులో ఎంబీఏ పిల్లలకు వ్యాపార నీతి పాఠం చెప్పేదానికి క్లాసులో చర్చకు పెట్టే కేసు కథలు తెలుగులో రాయాలన్న ఆలోచనే నాకు బాగా నచ్చింది. అమెరికా కంపెనీ మేనేజరు ఏం చేసుండాలో మన పిల్లలు పది మార్కులకు సరిపడా రాసేస్తారు. అదే దామలచెరువు మామిడి మండీలో నువ్వు ఉంటే ఏం చేస్తావని అడిగితే పక్కవాడి మొహం చూస్తారు. నువ్వు ఆ రెండో ప్రశ్న పట్టుకున్నావు. అందుకే ఈ ఉత్తరం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదువు.

కథ నడక బాగుంది. మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాయ కొనుగోళ్లు చూసే కుర్రాడు, తరుగు పేరు చెప్పి తూకంలో ఇంకాస్త కొయ్యమనే మేనేజరు, ఇద్దరి మధ్యా వాగ్వాదం. చివర్లో కుర్రాడు రాజీనామా కాగితం టేబుల్ మీద కొట్టి బయటికి నడుస్తాడు. గేటు దగ్గర రైతులు దండాలు పెడతారు. ఈ ముగింపు తీసెయ్.

కథలో రాజీనామాకు ఖర్చు లేదు. నీ క్లాసులో కూర్చున్న పిల్లవాడికి చదువు అప్పు ఉంది, ఇంట్లో పెళ్లికెదిగిన చెల్లెలు ఉంటుంది. నీ హీరోకు చప్పట్లు కొట్టి, ఉద్యోగంలో చేరిన నెలకే ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాడు. తప్పు వాడిది కాదు. ఉద్యోగం వదిలెయ్యి, లేదంటే నోరు మూసుకో, ఈ రెండే దారులున్నాయని నీ కథే వాడికి చెప్పింది. పాఠమంతా ఆ రెంటి నడుమనే ఉంది, నువ్వు దాన్ని దాటేశావు.

ఇంకో మాట. ఫ్యాక్టరీ గేటు గురించి రాశావు గానీ గేటు దగ్గర నిలబడి రాసినట్టు లేదు. జూన్ నెలలో ఒకసారి బంగారుపాళెం వైపు పోయి చూడు. తోతాపురి కాయతో ట్రాక్టర్లు రోడ్డు పక్కన బారులు తీరి ఉంటాయి. టోకెన్ అందినవాడు లోపలికి, అందనివాడు ట్రాలీ కిందే పడక. ఎండకు పైకాయ మెత్తబడుతుంది, బరువుకు అడుగుకాయ నలుగుతుంది, ట్రాలీ సందుల్లోంచి రసం బొట్టుబొట్టుగా తారు మీద పడి ఈగలు ముసురుతుంటాయి. అప్పుడు రైతే వస్తాడు నీ కుర్రాడి దగ్గరికి. "ఏం సా, అడుగు కాయంతా కారిపోతా ఉండాది. ఏదో ఒక రేటు ఏసి దించుకోండి సా" అంటాడు.

ఇదీ నీ కథ. తక్కువ రేటు ఇమ్మని రైతే బతిమాలుతున్నాడు. ఒప్పుకొని ఇచ్చిన కాయకు తక్కువ కట్టడం మోసమా, బేరమా? ఒప్పుకోక గత్యంతరం లేనివాడి ఒప్పుదల ఒప్పుదలేనా? ఆ గేటు ముందు నిలబెట్టి ఈ ప్రశ్న అడుగు, గంట కొట్టినా పిల్లలు లేవరు.

అంకెలు కూడా వెయ్యి. 2025 సీజన్‌లో తోతాపురికి కిలో 12 రూపాయలు అన్నారు, అందులో ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4. ఆ ఎనిమిదీ చేతికి రాలేదని రైతులు రోడ్డెక్కారు. అంతకుముందు ఏడాది గుజ్జే అమ్ముడుపోక డ్రమ్ముల్లో ఉంది, ఎగుమతి ఆర్డర్లు పడిపోయాయి, ఎక్కడినుంచి తెచ్చిచ్చేదని ఫ్యాక్టరీల వాళ్ల వాదన. నీ కథలో ఈ రెండో గొంతు అసలు లేదు. నీ మేనేజరు మొదటి పేజీలోనే దొంగచూపులు చూస్తాడు. దొంగని దొంగ అనడానికి చదువెందుకమ్మా? వాడికి బ్యాంకు వడ్డీ భారం పెట్టు, సీజన్ కూలీకొచ్చే ఆడవాళ్లకు వారం వారం జీతాలివ్వాల్సిన బాధ్యత పెట్టు, తెలివి పెట్టు. చదివేవాడికి ఒక్క క్షణం మేనేజరు చెప్పిందే సబబనిపించాలి. అనిపించకపోతే అది కేసు కాదు, చిన్నపిల్లల నీతికథ.

ఇప్పుడు ఆ నడిమి దారి సంగతి. నీ కుర్రాడు రాజీనామా చెయ్యడు, నోరు మూసుకోడు. మరేం చేస్తాడు? సిఫారసు ఉన్నవాడి ట్రాక్టరు ముందు పంపకుండా, కాయ మెత్తబడిన ట్రాక్టరు ముందు పంపేలా టోకెన్ల వరస మార్చొచ్చు. తరుగు ఎంతో కాటా దగ్గర బోర్డు మీద రాయించొచ్చు. అదనపు కోత మాటను మేనేజరు చేత వాట్సాప్‌లో పెట్టించొచ్చు, "సార్, అకౌంట్స్ వాళ్లు అడుగుతారు, ఒక్క మెసేజ్ పెట్టండి" అని అమాయకంగా అడిగి. నోటితో తేలిగ్గా అనేసిన మాటను రాతలో పెట్టడానికి చాలామందికి వేళ్లాడవు. కాటా గుమాస్తాను, క్వాలిటీ చూసే అమ్మాయిని కలుపుకొని ముగ్గురుగా వెళ్లి మాట్లాడొచ్చు. వచ్చే ఏడు ఈ రైతులంతా పక్క ఫ్యాక్టరీకి కాయ తోలితే మనకెంత నష్టమో లెక్కగట్టి చూపొచ్చు. వీటిలో కొన్ని పనిచేస్తాయి, కొన్ని బెడిసికొడతాయి. ఏది ఎందుకు బెడిసికొడుతుందో పిల్లల చేత చెప్పించు.

కంపెనీల చట్టం 2013లో ఫిర్యాదు చేసేవాళ్లకు రక్షణ ఏర్పాటు ఉందని వాళ్లు వెంటనే అంటారు. ఉంది, 177వ సెక్షన్. కానీ అది షేర్ మార్కెట్‌లో ఉన్న లిస్టెడ్ కంపెనీలకు, ఇంకొన్ని పెద్ద కంపెనీలకు. నీ కథలోది కుటుంబం నడిపే ఫ్యాక్టరీ. అక్కడ ఫిర్యాదుల పెట్టె పెట్టినా దాని తాళంచెవి యజమాని బావమరిది దగ్గరే ఉంటుంది.

ఏది మంచిదో తెలిసిపోయాక దాన్ని ఎవరితో, ఎప్పుడు, ఏ మాటతో చెప్పాలన్నదే పాఠంగా చేసిన అధ్యాపకురాలు మేరీ జెంటిలే. ఆవిడ పద్ధతిలో పిల్లలు జవాబు రాసి ఊరుకోరు, నోటితో చెప్పి సాధన చేస్తారు. నీ క్లాసులో కూడా చేయించు: ఒకడు మేనేజరు, ఒకమ్మాయి కొనుగోలు అధికారి, ఉన్నది అయిదు నిమిషాలు. నాకు ఆ పద్ధతితో ఒక్కటే పేచీ. ఏది మంచిదో తేలిపోయిందన్న చోట అది మొదలవుతుంది. రైతే తక్కువ రేటు అడిగినప్పుడు అది అంత తొందరగా తేలదు.

తొందర అంటే గుర్తొచ్చింది. 1973లో అచ్చయిన ఒక ప్రయోగం ఉంది. జాన్ డార్లీ, డేనియల్ బాట్సన్ ప్రిన్‌స్టన్‌లో మతబోధకులు కాబోయే విద్యార్థులను ఒక భవనం నుంచి ఇంకో భవనానికి ప్రసంగం చెయ్యమని పంపారు. దారిలో ఒక మనిషి కూలబడి దగ్గుతూ మూలుగుతుంటాడు. తొందరేం లేదని పంపినవాళ్లలో 63 శాతం ఆగి ఏదో ఒక సాయం చేశారు. ఆలస్యమైంది, త్వరగా పొమ్మని తరిమినవాళ్లలో 10 శాతమే. వాళ్లలో కొందరు మాట్లాడబోయేది బైబిల్లోని మంచి సమరయుడి కథ మీద, అంటే దారిన పడినవాణ్ణి ఆదుకున్నవాడి గురించి! కాబట్టి నీ కథలో గడియారం పెట్టు. సాయంత్రం ఆరుకు గేటు మూస్తారు, మేనేజరు ఫోన్ మోగుతూనే ఉంటుంది. తీరిగ్గా ఆలోచించుకునే వీలున్న హీరోను నువ్వు సృష్టించావు. అలాంటి తీరిక ఏ సీజన్‌లోనూ ఎవరికీ దొరకదు.

సత్యం కంప్యూటర్స్ గురించి కూడా రాస్తానన్నావు. 2009 జనవరి 7న ఆ కంపెనీ అధిపతి రామలింగరాజు బోర్డుకు రాసిన ఉత్తరం తీసి పెట్టుకో. పుస్తకాల్లో చూపించిన నగదులో 5,040 కోట్లు లేనేలేవని ఒప్పుకున్న ఉత్తరం అది. అంతకు కొన్ని నెలల ముందే, 2008లో, కార్పొరేట్ పాలనలో మేటి అని ఆ కంపెనీకి గోల్డెన్ పీకాక్ అవార్డు ఇచ్చారు. ఉత్తరంలో, దిగితే తినేసే పులి మీద స్వారీ అన్న మాట అందరికీ గుర్తు, పిల్లలూ దాని మీదే పడతారు. దానికి ముందు చెప్పింది చూడు: అసలు లాభానికీ పుస్తకాల్లో చూపిన లాభానికీ తేడా మొదట్లో స్వల్పమేనట, ఏళ్లు గడిచేకొద్దీ చెయ్యి దాటిపోయిందట. నీ కేసు ఆ స్వల్పం దగ్గర మొదలవ్వాలి. వేల కోట్ల అబద్ధం ఆడే అవకాశం నీ విద్యార్థుల్లో ఎవరికీ రాకపోవచ్చు. మూడు నెలల లెక్కల్లో చిన్న అంకె సర్దమనే మాట మాత్రం అందరూ వింటారు. అదీ బెదిరింపుగా రాదు, భుజం మీద చెయ్యేసి "ఈ ఒక్కసారికి చూడు నాయనా" అని వస్తుంది. సంభాషణలు రాసేటప్పుడు ఆ చెయ్యి మరిచిపోకు.

మంజునాథ్ షణ్ముగం కథ రాయాలని నీకు తప్పకుండా అనిపిస్తుంది. మన కుప్పం అవతలి కోలార్ గోల్డ్ ఫీల్డ్స్‌లో పెరిగినవాడు, లక్నో ఐఐఎంలో చదివి ఇండియన్ ఆయిల్‌లో చేరాడు. ఉత్తరప్రదేశ్‌లోని లఖీంపుర్ ఖేరీలో కల్తీ పెట్రోలు బంకు మీద చర్య తీసుకున్నందుకు 2005 నవంబరులో కాల్చి చంపారు. 27 ఏళ్లు. రాయి, కానీ వీరమరణంగా రాయకు. నీతిగా ఉంటే ప్రాణం పోతుందన్న ఒక్క ముక్కే పిల్లలు ఇంటికి తీసుకుపోతారు. ఆ వయసు అధికారి ప్రమాదమున్న చోట తనిఖీకి పోయేటప్పుడు చుట్టూ ఎవరుండాలి, పైవాళ్లు ఏ ఏర్పాటు చెయ్యాలి, పక్క బంకుల నిజాయితీ డీలర్లు ఎందుకు నోరు విప్పరు, ఇవి అడుగు. నీ విద్యార్థుల్లో కొందరు రేపు ఆ పైవాళ్లవుతారు.

తిరుమల లడ్డూ నెయ్యి కల్తీ ఆరోపణల జోలికి మాత్రం పోవద్దు. సుప్రీంకోర్టు 2024 అక్టోబరులో దర్యాప్తు బృందాన్ని వేసిన వ్యవహారం. తిరుపతిలో దాని మీద ప్రతి బెంచీకీ ఒక తీర్పు సిద్ధంగా ఉంటుంది, క్లాసు పార్టీల వారీగా చీలుతుంది. సరుకు కొనేవాడి ధర్మం చెప్పాలంటే ఒక చిన్న స్వీట్ల కొట్టు తీసుకో. నమ్మలేనంత తక్కువ ధరకు కొటేషన్ వచ్చింది, పండగ నాలుగు రోజుల్లో ఉంది. కొట్టతను ఏమడగాలి, ఏ పరీక్ష చేయించాలి? అది చాలు.

కథ చివర నీ అభిప్రాయం పెట్టకు, "చర్చించండి" అని కూడా రాయకు. టోకెన్ల పుస్తకం కుర్రాడి చేతిలో ఉండగా ఆపెయ్. చర్చకు ముందు ప్రతి ఒక్కరి చేతా తన నిర్ణయం, దానికయ్యే ఖర్చు ఎవరు భరిస్తారన్నది నాలుగు వాక్యాలు కాగితం మీద రాయించు. లేకపోతే ముందు బెంచీలో గొంతున్న ఇద్దరు చెప్పిందే క్లాసు అభిప్రాయమైపోతుంది, వెనక కూర్చున్న రైతుబిడ్డ నోరు విప్పడు. వాడికి మనిద్దరికన్నా ఎక్కువ తెలుసు.

తిరగరాసిన ప్రతి ఈ నెలాఖరుకు పంపు. రేటు, తరుగు, ట్రాక్టరు బాడుగ అంకెలన్నీ ఎవరైనా రైతును అడిగి సరిచూసుకో. మేనేజరుకు ఈసారి ఒక మంచి పేరు పెట్టు, "భుజంగం" అని పెడితే ఎవరు నమ్ముతారు?

ఆశీస్సులతో,
మీ మాస్టారు