డబ్బా పాలు మాన్పించి ఆవుపాలు ఎప్పుడు పట్టాలి?

అమలాపురం దగ్గర మా పెరట్లోనే ఆవు ఉంది, పదకొండో నెల పాపకి ఇప్పుడే పట్టొచ్చా అని అడిగారు. ఏడాది నిండనివ్వండి. ఆవుపాలలో ఇనుము బాగా తక్కువ. ప్రొటీన్, ఉప్పు పసి కిడ్నీలకి బరువు.

తర్వాత రోజుకి ఒక్క పూట డబ్బా పాల బదులు కాచి చల్లార్చిన ఆవుపాలు గ్లాసుతో పట్టండి. నాలుగైదు రోజులకి ఇంకో పూట. మొహం తిప్పేస్తే, నీళ్లతో కలిపేసిన డబ్బా పాలలోనే కాసిని ఆవుపాలు పోసి ఆ రుచి అలవాటు చెయ్యండి. పొడిని మాత్రం ఆవుపాలలో కలపకండి. మీగడ తియ్యొద్దు, నీళ్లు పొయ్యొద్దు.

రోజుకి అరలీటరు చాలు. అంతకు మించితే పాప అన్నం ముట్టదు, రక్తం తగ్గుతుంది. మెత్తగా మెదిపిన తోటకూర పప్పన్నం, గుడ్డు, ముల్లు తీసిన చేప పెట్టండి. దద్దుర్లు, వాంతులు కనిపిస్తే ఆపేసి పిల్లల డాక్టరుకి చూపించండి.