వాడు ఆయనకూ కొడుకే

ప్రశ్న: మా చిన్నవాడు పదో తరగతి. ఇల్లంతా తిరుగుతూ పైకి చదువుతాడు. మావారికి ఒళ్లు మంట. "పెద్దాడు కదలకుండా కూర్చుని చదివాడు, వీడికేం రోగం? నీ కొడుక్కి చెప్పు" అంటారు. డబ్బు కట్టి వేలిముద్రల పరీక్ష చేయిస్తే, విని నేర్చుకునే రకమని రిపోర్టిచ్చారు. ఎలాంటి ట్యూషన్‌లో చేర్చాలి?

జవాబు: ట్యూషన్ మాట వదిలేయండమ్మా. ఆ రిపోర్టునూ పక్కన పడేయండి. కడుపులో ఉండగా ఏర్పడ్డ వేలిగీతలు పదో తరగతి పాఠం గురించి ఏం చెప్తాయి? పిల్లల్ని చూసి నేర్చేవాళ్లు, విని నేర్చేవాళ్లు అని విడదీసి బోధిస్తే బాగా వస్తుందనడానికి సరైన ఆధారం లేదని 2008లోనే పాష్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం పరిశోధనలు తిరగేసి తేల్చింది. పద్ధతిని నిర్ణయించేది పాఠం. పద్యం నోటికి రావాలంటే పైకి చదవాల్సిందే. సైన్సులో వస్తువు నాభికీ కటకానికీ (లెన్సుకీ) మధ్య ఉంటే ప్రతిబింబం ఎటు వస్తుందో మాత్రం ఎంత విన్నా రాదు, స్కేలు పట్టి కిరణాలు గీయాలి.

తిరుగుతూ చదవడం తప్పు కాదు. చదివిందే చదవడంతోనే చిక్కు. పేజీ కళ్లకు అలవాటై, వచ్చేసిందనిపిస్తుంది. 2006లో రోడిగర్, కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు చేసిన ప్రయోగంలో మళ్లీ చదివినవాళ్లకు ఐదు నిమిషాలకు 81 శాతం గుర్తుంది, చూడకుండా రాసినవాళ్లకు 75. వారం గడిచేసరికి చదివినవాళ్లు 42కి పడిపోయారు, రాసినవాళ్లకు 56 మిగిలింది. అందుకే ఇరవై నిమిషాలు చదివాక పుస్తకం మూసి, గుర్తున్నదంతా రఫ్ కాగితం మీద రాయమనండి. తెరిచి చూసుకుని, వదిలేసినవి ఎర్రపెన్నుతో రాయాలి. మర్నాడు, మూడో రోజు, వారానికి ఆ ఎర్రవే మళ్లీ చూడకుండా రాయాలి.

మీ ఉత్తరంలో నన్ను బాధపెట్టింది "నీ కొడుక్కి చెప్పు" అన్న మాట. తండ్రి పక్క గదిలోనే ఉండి, తిట్టు తల్లి చేత పంపిస్తే పిల్లవాడి మనసు ఏమవుతుంది? దాన్ని మోసుకెళ్తున్నది మీరు. ఇక మోయకండి. "మీరే పిలిచి చెప్పండి" అనండి, గొడవైనా సరే.

ఆయనకో పని అప్పగించండి. రాత్రి భోజనాలయ్యాక పావుగంట పుస్తకం ఆయన చేతిలో ఉండాలి, పాఠం వాడు చెప్పాలి. తిరుగుతూ చెప్పినా సరే. ఆగిపోతే మనసులో పది లెక్కపెట్టి, అప్పటికీ రాకపోతే ఒక్క మాట అందించాలి. అన్న పేరు ఎత్తకూడదు. మొదటి వారం ఇద్దరూ బిగుసుకుపోతారు. అయినా ఆ పావుగంట మీరు ఆ గదిలోకి వెళ్లకండి.