పాఠకుల ప్రశ్నలు – జవాబులు: సైన్యానికి నిల్వ వృథా అవుతుందా?

ప్రశ్న: నేను మేనేజ్‌మెంట్ విద్యార్థిని. నిల్వ అంటే వృథా అనీ, సరుకు అవసరమైన వేళకే చేరాలనీ మాకు పాఠం చెబుతున్నారు. మరి సైన్యాలు నెలల తరబడి సరిపోయే మందుగుండును, విడిభాగాలను గిడ్డంగుల్లో ఎందుకు ఉంచుకుంటాయి? ఆధునిక పద్ధతులు వాటికి ఇంకా అందలేదా?

జవాబు: అందకపోవడం కాదు. ఆ పద్ధతి ఏ షరతుల మీద నిలబడిందో అవి యుద్ధంలో ఉండవు. కార్ల తయారీలో టొయోటా తీర్చిదిద్దిన ఈ విధానానికి రేపటి గిరాకీ ఇవాళ్టికి దగ్గరగానే ఉంటుందన్న నమ్మకం ఒక ఆధారమైతే, దారిలో సరుకును ఎవరూ పనిగట్టుకుని ఆపరన్న నమ్మకం మరొకటి. యుద్ధంలో గుండ్ల వాడకం ఒక్క రోజులోనే అనేక రెట్లు పెరగవచ్చు. పైగా శత్రువు ఇంధనం మోసుకొచ్చే లారీలను, అవి దాటవలసిన వంతెనలను, సరుకు దిగే ఓడరేవులను వెతికి మరీ దెబ్బతీస్తాడు.

శాంతికాలంలో కూడా ఈ విధానం ఎంత సున్నితమైనదో 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లో తెలిసింది. ఐసిన్ సెయికి సంస్థ కర్మాగారం ఒకటి ఆ రోజు అగ్నికి ఆహుతైంది. బ్రేకుల్లో అమర్చే ఒక చిన్న వాల్వును టొయోటా దాదాపు పూర్తిగా అక్కడి నుంచే తెప్పించుకునేది, దగ్గర ఉన్న నిల్వ కొన్ని గంటలకు మాత్రమే సరిపోతుంది. దాంతో దేశమంతటా ఆ సంస్థ కార్ల తయారీ ఆగిపోయింది. అంతకుముందు ఎన్నడూ ఆ వాల్వును చేయని సంస్థలు, చివరకు కుట్టు మిషన్లు చేసే బ్రదర్ సంస్థ కూడా, నమూనా చిత్రాలు తీసుకుని రోజుల వ్యవధిలో దాన్ని తయారుచేసి ఇచ్చాయి. ఆ సహకారం నిజంగా మెచ్చుకోదగినది. కానీ కాల్పుల మధ్య ఉన్న దళానికి ఆ కొద్ది రోజుల గడువు కూడా దొరకదు.

ఇంకో కారణం ఉంది, నా దృష్టిలో ఇదే అసలైనది. కొన్ని వస్తువుల ఉత్పత్తిని డబ్బు ఇచ్చినంత మాత్రాన వెంటనే పెంచలేం. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా పూర్తిస్థాయి దాడి మొదలైనప్పుడు అమెరికా నెలకు చేస్తున్న 155 మిల్లీమీటర్ల శతఘ్ని గుండ్లు సుమారు 14,000. నిధులు మంజూరైనా ఆ సంఖ్యను పెంచడానికి సంవత్సరాలు పట్టింది. ఎర్రగా కాల్చిన ఉక్కును గుండు ఆకారానికి తెచ్చే భారీ యంత్రాలు, లోపల నింపే పేలుడు పదార్థం, గుండును ముందుకు నెట్టే మందు, ఇవన్నీ ఒకేసారి పెరగాలి. ఆ మందుకు కావలసిన నైట్రోసెల్యులోజ్‌ను పత్తి తీసిన తర్వాత గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు నుంచి చేస్తారు. ఐరోపా తయారీదారులు ఆ నూగులో ఎక్కువ భాగాన్ని చైనా నుంచి కొంటూ వచ్చారు. కాబట్టి ఆయుధ కర్మాగారం శక్తి ఎంతో తెలుసుకోవాలంటే, దానికి సరుకు ఇచ్చేవారికి సరుకు ఎవరు ఇస్తున్నారో కూడా చూడాలి.

అలాగని ప్రతిదీ దాచమని కాదు. ఒక వస్తువు లేకపోతే ఏ విమానం ఎగరదు, ఏ ట్యాంకు కదలదు, మళ్లీ దాన్ని తయారు చేయించడానికి ఎంతకాలం పడుతుంది అన్న లెక్కను బట్టి నిల్వను నిర్ణయించాలి. ధర తక్కువని పక్కన పెట్టిన రబ్బరు వాషరు ఈ లెక్కలో ముందుకు రావచ్చు.

ప్రశ్న: గిడ్డంగి నిర్వహణలో చాలాకాలం పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. నిల్వలు ఎంత ఎక్కువ ఉంటే సైన్యానికి అంత భద్రత అనుకోవచ్చా?

జవాబు: మీ అనుభవమే మీకు కాదని చెప్పి ఉంటుంది. 1991 గల్ఫ్ యుద్ధానికి అమెరికా సైన్యం సుమారు 40,000 కంటైనర్లను తరలించింది. లోపల ఏముందో తెలియక వాటిలో సగానికి పైగా తెరిచి చూడవలసి వచ్చింది. అడిగిన విడిభాగం వచ్చిందో రాలేదో తెలియని దళాలు దాన్నే మళ్లీ మళ్లీ అడిగాయి. అలా వచ్చిన అభ్యర్థనలన్నీ కలిసి పై స్థాయిలో లేని గిరాకీని ఉన్నట్టు చూపించాయి, రేవుల్లో సరుకు కొండలా పేరుకుంది. వ్యాపారంలో దుకాణదారు కొంచెం ఎక్కువ అడిగితే టోకు వర్తకుడు ఇంకొంచెం, తయారీదారు మరికొంచెం పెంచుకుంటూ పోవడం మీరు చూసే ఉంటారు. ఇదీ అలాంటిదే, మూలం సమాచారం మీద నమ్మకం లేకపోవడమే. రేడియో తరంగాలతో ఉనికి తెలిపే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులను కంటైనర్లకు తగిలించే పని ఆ అనుభవం తర్వాతే ఊపందుకుంది.

ఉన్న నిల్వను ఎలా పంచారన్నదీ ముఖ్యమే. 1982లో ఫాక్లాండ్స్ ద్వీపాల కోసం అర్జెంటీనాతో జరిగిన యుద్ధంలో అట్లాంటిక్ కన్వేయర్ అనే ఒకే నౌకలో బ్రిటన్ తన చినూక్ హెలికాప్టర్లను, గుడారాలను పంపింది. మే 25న క్షిపణి తగలడంతో మూడు చినూక్‌లు అందులోనే కాలిపోయాయి. అప్పటికి గాలిలో ఉన్న ఒక్కటి మాత్రం మిగిలింది. హెలికాప్టర్లలో వెళ్లవలసిన సైనికుల్లో చాలామంది బరువులు మోస్తూ చిత్తడి నేలల మీదుగా ద్వీపం అడ్డంగా నడిచారు.

ప్రశ్న: ఇప్పుడు అన్నీ కంప్యూటర్లలోనే కనిపిస్తున్నాయి కదా, ఈ చిక్కులు తీరినట్టేనా?

జవాబు: కొన్ని తీరాయి, కొత్తవి వచ్చాయి. 2017 జూన్‌లో నాట్‌పెట్యా అనే హానికర సాఫ్ట్‌వేర్ మెర్స్క్ నౌకా సంస్థ కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు ఓడలకు ఏమీ కాలేదు, కానీ ఏ కంటైనర్ ఎక్కడికి వెళ్లాలో చెప్పే వ్యవస్థ లేక ఎన్నో రేవుల్లో పని నిలిచిపోయింది. సైన్యాలు కూడా చాలా సరుకును వాణిజ్య నౌకల మీదే పంపుతాయి గనుక ఇది వాటికీ సంబంధించిన విషయమే. ఆ సంస్థ నెట్‌వర్కును తిరిగి నిలబెట్టడానికి అత్యవసరమైన సమాచారం ప్రతులన్నీ నాశనం కాగా ఒక్కటి మాత్రం ఘనాలోని కార్యాలయంలో దొరికింది. దాడి జరిగిన సమయంలో అక్కడ కరెంటు పోయి ఉండడం వల్ల ఆ యంత్రం నెట్‌వర్కుకు దూరంగా ఉండిపోయింది.