మంచు తుఫాను కథ రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

1888 జనవరి 12 నాటి మంచు తుఫాను మీద నువ్వు పంపిన కథ చదివాను. మొదటి పేరాలో గాలి హోరు, రెండో పేరాకే శవాలు. అంత తొందరెందుకు? ముందు ఆ రోజు పొద్దున రాయి. అమెరికాలోని నెబ్రాస్కా, డకోటా మైదానాల్లో ఎన్నాళ్లకో చలి తగ్గిన పొద్దు అది. పిల్లలు చాలామంది మందపాటి కోట్లు లేకుండానే బడికి పోయారు. రైతులు పశువుల్ని బయటికి తోలారు. చనిపోయినవాళ్లు 235 మంది అని చెబుతారు. ఆ లెక్క కంటే, కోటు వద్దంటూ పరిగెత్తిన పిల్లాణ్ని తల్లి ఆపకపోవడమే పాఠకుడి మనసులో నిలుస్తుంది.

ఇళ్లు ఎందుకంత దూరదూరంగా ఉన్నాయో కూడా చెప్పాలి. హోమ్‌స్టెడ్ చట్టం కింద, స్థిరపడటానికి వచ్చినవాళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 160 ఎకరాలు సొంతం కావాలంటే ఆ భూమి మీదే కాపురం ఉండాల్సి వచ్చేది. అందుకే ఇళ్లు మన ఊళ్లలో లాగా గోడకు గోడ ఆనుకుని ఉండేవి కావు. మిన్నెసోటా రాష్ట్రపు సెయింట్ పాల్‌లోని సైనిక వాతావరణ కార్యాలయం చలిగాలుల హెచ్చరిక ఇచ్చింది. అది టెలిగ్రాఫ్ తీగ ఉన్నంతవరకే వెళ్లింది.

మంచు మెల్లగా రాలిందని రాశావు, అది కొట్టెయ్. పిండంత సన్నటి పొడి ఈడ్చి కొట్టింది. కనురెప్పలు గడ్డకట్టి అతుక్కుపోయాయి. సొంత గుమ్మానికి కొన్ని గజాల దూరంలో దారి దొరక్క చనిపోయినవాళ్లున్నారు.

ఇక టీచర్లు. మిన్నీ ఫ్రీమన్ పిల్లల్ని క్షేమంగా గట్టెక్కించింది, దేశమంతా పేరొచ్చింది. వాళ్లను తాడుతో కట్టి నడిపించిందన్న మాట మీద వాదనలున్నాయి, నువ్వు దాన్ని నిజమని రాయకు. ప్లెయిన్‌వ్యూ దగ్గర లోయిస్ రాయిస్ బడిలో పొయ్యిలోకి వేయడానికి ఏమీ మిగల్లేదు. ఆమె ఉండే ఇల్లు దగ్గర్లోనే. ముగ్గురు పిల్లల్ని తీసుకుని బయల్దేరింది, దారి తప్పింది. ఆ రాత్రి ముగ్గురూ పోయారు. ఆమె బతికింది గానీ పాదాలు తీసేయాల్సి వచ్చింది.

ఇద్దరూ పిల్లలతో బయటికే వెళ్లారు తమ్ముడూ. నీ కథలో ఒకామె వీరవనిత, ఇంకొకామె తెలివితక్కువది అయిపోయింది. అది నాకు చాలా బాధ కలిగించింది. చల్లారుతున్న పొయ్యి ముందు ముగ్గురు పసివాళ్లతో కూర్చుంటే నువ్వైతే ఏం చేసేవాడివి? ఆ క్షణంలో ఆమెకు తెలిసినంతే రాయి, మనకు ఇప్పుడు తెలిసింది ఆమె నెత్తిన రుద్దకు.

మిగతాదంతా పక్కన పెట్టి, ఆ బడిగది ఒక్కటి మళ్లీ రాసి పంపు. ఆమె తలుపు తీసేదాకా చాలు.

నీ అన్నయ్య