కొత్త అల్లుడి పండగ, పాత కార్డు బాకీ

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. హైదరాబాద్‌లో ప్రైవేటు ఉద్యోగం చేస్తున్నాను. చేతికొచ్చే జీతం 58,000. భార్య, ఇద్దరు పిల్లలు. కిందటి సంక్రాంతికి క్రెడిట్ కార్డు మీద 48,000 ఖర్చయింది. అందులో బట్టలకు 19,000, బస్సుకు 11,000, స్వీట్లు, కానుకలకు 9,000, ఇతరత్రా 9,000. ఆ తర్వాత కార్డు వాడలేదు. ఫిబ్రవరి నుంచి నెలకు 2,500 చొప్పున తొమ్మిది నెలలు కట్టినా ఇంకా 42,500 బాకీ చూపిస్తోంది. ఇంటి ఖర్చులు, ఈ 2,500 పోను నెలకు 8,000 మిగులుతాయి. వేసవిలో చెల్లెలి పెళ్లయింది. కొత్త అల్లుడికి తొలి పండగ కాబట్టి కాసు ఉంగరం పెట్టాలని నాన్నగారి పట్టుదల. ఆ భారం నా మీదే పడేలా ఉంది. లక్ష రూపాయల పర్సనల్ లోన్ ఇస్తామని ఫోనుకు మెసేజ్‌లు వస్తున్నాయి. తీసుకోమంటారా? 60,000 ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది కానీ దాన్ని కదపడం ఇష్టం లేదు.

జవాబు: లోన్ వద్దు. డిపాజిట్‌ను మాత్రం కదపాల్సిందే.

ముందు ఆ 42,500 సంగతి చూద్దాం. మీరు తొమ్మిది నెలల్లో 22,500 కట్టారు. బాకీ తగ్గింది 5,500 మాత్రమే. మిగతాదంతా ఎక్కడికి పోయిందో మీ బిల్లులోనే ఉంటుంది. వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుంటే 42,500 మీద 1,487 రూపాయలు, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్‌టీ మరో 268. అంటే మీరు కట్టే 2,500లో 1,755 వడ్డీ, పన్నుల కిందే వెళ్లిపోతోంది. అసలుకు చేరేది 745. ఈ లెక్కన వచ్చే సంక్రాంతికే కాదు, ఆ పై సంక్రాంతికీ కిందటేడాది కట్టుకున్న బట్టలకు వడ్డీ కడుతూనే ఉంటారు.

మరోవైపు మీ డిపాజిట్ ఏడాదికి ఆరున్నర శాతం ఇస్తోందనుకున్నా నెలకు వచ్చేది 325 రూపాయలు. దాన్ని భద్రంగా దాచి కార్డుకు నెలకు 1,755 సమర్పించుకుంటున్నారు. ఎఫ్‌డీ జోలికి వెళ్లకూడదనే మాట మన ఇళ్లలో చాలా గట్టిగా నాటుకుంది. మంచి మాటే, కానీ ఇక్కడ అతకదు. గడువుకు ముందే తీసుకుంటే బ్యాంకులు సాధారణంగా వడ్డీలో అర శాతం నుంచి ఒక శాతం కోస్తాయి. కోసుకోనివ్వండి. (అది అయిదేళ్ల పన్ను ఆదా డిపాజిట్ అయితే గడువులోపు ఇవ్వరు. ఆ సంగతి ముందు చూసుకోండి.) కార్డు బాకీ మొత్తం ఒక్కసారే కట్టేయండి. తర్వాతి బిల్లులో మళ్లీ కొన్ని వందలు కనిపించవచ్చు. అది బిల్లు తయారైన రోజుకూ మీరు కట్టిన రోజుకూ మధ్య పడిన వడ్డీ. కంగారు పడకుండా అదీ కట్టేస్తే ఖాతా తేటపడుతుంది. మిగిలిన 17,500 పండగది కాదు. పిల్లలకు జ్వరమొచ్చిన రోజు కోసం దాన్ని అలాగే ఉంచండి.

ఇక పండగ. నెలకు మిగిలే 8,000కు కార్డుకు కట్టనక్కర్లేని 2,500 కలిపితే 10,500. నవంబరు, డిసెంబరు జీతాల్లోంచి రెండుసార్లు తీస్తే 21,000. ఈ సంక్రాంతికి మీ దగ్గరున్నది అంతే. డిసెంబరు జీతంలో మిగతా డబ్బును మాత్రం ముట్టుకోవద్దు. కనుమ వెళ్లాక జనవరిలో ఇంకా పదిహేను రోజులుంటాయి. చాలామంది తడబడేది అక్కడే.

ఈ 21,000లో కాసు ఉంగరం రాదు. ఎనిమిది గ్రాముల బంగారానికి తరుగు, మజూరీ, ఆ పైన మూడు శాతం జీఎస్‌టీ చేర్చి దుకాణం వాళ్లు రాసిచ్చే చీటీ ఒకసారి అడిగి చూడండి, మీకే తెలుస్తుంది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. బావగారు ఉంగరం అడిగారని అందులో ఎక్కడా లేదు. అడుగుతున్నది నాన్నగారు. కాబట్టి ఇది అప్పుతో తేలే వ్యవహారం కాదు, నాన్నగారితో మాట్లాడితే తేలేది. పండగ ముందు రోజు చుట్టాల మధ్య కాదు, ఇప్పుడే, ఆయన ఒక్కరే ఉన్నప్పుడు ఫోను చేయండి. ‘డబ్బు లేదు’ అంటే ఆయనకు పౌరుషం వస్తుంది. ‘నాన్నా, నా వంతు 8,000, దంపతులిద్దరికీ బట్టలు నేను తెస్తాను, ఉంగరం వచ్చే పండగకు పెడదాం’ అని అంకెతో చెప్పండి. అంకె వినిపించాక పెద్దవాళ్లు కూడా లెక్కలోకి దిగుతారు. నా అనుభవంలో ఎక్కువసార్లు అమ్మగారే ముందు ఒప్పుకుంటారు.

ఆ ఉంగరానికి దారి కూడా ఉంది. ఇన్నాళ్లూ కార్డుకు కట్టిన 2,500నే ఫిబ్రవరి నుంచి విడిగా మరో పొదుపు ఖాతాలో వేయండి. డిసెంబరుకు 27,500 అవుతుంది. నాన్నగారు కొంత కలుపుతారో, కాసు కాస్తా అరకాసు అవుతుందో అప్పటి ధరను బట్టి చూసుకోవచ్చు.

మిగిలిన 13,000లో మీ నలుగురి బట్టలకు 6,000, ప్రయాణానికి 3,000, స్వీట్లకు 2,000, చేతి ఖర్చుకు 2,000. అరిసెలు, జంతికలు ఇంట్లో ఎలాగూ వండుతారు. ఆత్రేయపురం పూతరేకులు రెండు పెట్టెలు కొంటే చాలు. కిందటేడాది ‘ఇతరత్రా’ 9,000 ఏమిటో మీరు రాయలేదు, నేనూ అడగను. మీ జిల్లాలో కనుమ దాకా కోడిపందేల బరులు ఎలా సాగుతాయో అందరికీ తెలిసిందే. ఆ ఖర్చుకు నా పద్దులో చోటు లేదు.

బస్సుకు 11,000 పెట్టారంటే రైలు టికెట్ దొరకలేదన్నమాట. ఇప్పుడు రిజర్వేషన్ అరవై రోజుల ముందే మొదలవుతుంది. జనవరి 12న బయలుదేరాలంటే నవంబరు 13న, 17న తిరిగి రావాలంటే నవంబరు 18న, ఉదయం ఎనిమిది గంటలకు. స్లీపర్‌లో నలుగురికి రానూపోనూ ఆ 3,000 సరిపోతుంది. ఐఆర్‌సీటీసీ ఖాతాకు ఆధార్ ధ్రువీకరణ ఈ వారమే పూర్తి చేసుకోండి. అది లేకపోతే బుకింగ్ తెరిచిన మొదటి నిమిషాల్లో టికెట్ తీసుకోనివ్వదు, సంక్రాంతి రైళ్లకు ఆ నిమిషాలే కీలకం. ఆ రెండు రోజులూ 7.45కు అలారం పెట్టుకోండి.