ఆడితే కాళ్లు బిగుసుకుపోతాయా?

ప్రశ్న: మా బాబుకు ఏడేళ్లు. సెరిబ్రల్ పాల్సీ (మెదడులోని లోపం వల్ల కండరాల కదలిక దెబ్బతినే సమస్య), వాకర్‌తో నడుస్తాడు. ఆడితే కాళ్లు ఇంకా బిగుస్తాయని మా అత్తగారు కూర్చోబెట్టేస్తున్నారు. ఆడించొచ్చా?
– ఒక తల్లి, కావలి

జవాబు: ఆడించండమ్మా. ఎప్పుడూ కూర్చోబెడితేనే కండ బలం తగ్గేది, కీళ్లు పట్టేసేది. వైకల్యమున్న పిల్లలకీ రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన కదలిక ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. గంట అనగానే టెన్షన్ పడకండి, పది నిమిషాలతో మొదలుపెట్టండి.

నా దగ్గరికొచ్చే ఒంగోలు పాపకి ఎక్సర్‌సైజ్ అంటే ఏడుపే. కొత్తపట్నం బీచ్‌లో వాకర్ చక్రాలు ఇసుకలో దిగబడితే, దాన్ని వదిలేసి మోకాళ్ల మీద పాకుతూ ఆల్చిప్పలు ఏరుకుంది. అరగంట! నా ఫిజియోథెరపీ టేబుల్ మీద ఏనాడూ అంతసేపు కదల్లేదు.

తుంటి నొప్పి అంటే మాత్రం ఆపి డాక్టరుకు చూపించండి. బంతి విసిరే పని మీ అత్తగారికే అప్పజెప్పండి.